చచ్చిన దుప్పి తల ల్యాబు దాకా: కడప ప్రాజెక్టు డైరీ

డిసెంబరు

అనుమతి చేతికొచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 12వ సెక్షను కింద ఇచ్చే పరిశోధన అనుమతి ఇది. గోడకు దుప్పి కొమ్ము తగిలించుకుంటేనే కేసయ్యే చోట మేం ఏకంగా తలకాయలే పోగేస్తామంటున్నాం కాబట్టి, ఈ కాగితం వచ్చేదాకా కత్తి కూడా కొనలేదు.

పని ఇది. లంకమల, పాలకొండల అడవుల్లోనూ వాటి అంచున ఉన్న ఊళ్లలోనూ చనిపోయి దొరికే చుక్కల దుప్పులు, కణితుల (సాంబార్ జింకల) తలల నుంచి రెండు రకాల ముక్కలు తీయాలి. ఒకటి మెదడు కాండం చివరి భాగం, రెండోది గొంతు వెనకాల ఉండే లింఫు గ్రంథులు. వాటిలో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ ఆనవాళ్లు ఉన్నాయేమో చూడాలి. పొడుగు పేరు కాబట్టి అందరూ సీడబ్ల్యూడీ అనేస్తారు. ఆవుల్లో మ్యాడ్ కౌ, గొర్రెల్లో స్క్రేపీ ఎలాంటివో దుప్పి జాతికి ఇది అలాంటిది. అన్నీ తప్పుగా మడతపడ్డ ప్రొటీను, అంటే ప్రయాన్, వల్ల వచ్చే జబ్బులే.

రేంజి ఆఫీసులో మొదటి రోజే అడిగారు: "మన దేశంలో ఇంతవరకు లేదంటున్నారు గదా సార్, లేని జబ్బును వెతకడమేంది?"

న్యాయమైన ప్రశ్నే. దక్షిణ కొరియాలో కూడా లేదనే అనుకున్నారు. 1990లలో కెనడా నుంచి పెంపకానికి తెచ్చుకున్న ఎల్క్ జింకలతో పాటే అది దిగిందని 2001లో తెలిసింది. నార్వేకి అది అలా దిగుమతైన ఆనవాలు లేదు. అయినా 2016లో ఒక అడవి రెయిన్‌డీర్‌లో బయటపడింది. జింకలకు రేడియో కాలర్ కట్టడానికి హెలికాప్టర్లో వెళ్లిన పరిశోధకుల కంట్లో ఆ జంతువు పడబట్టి, దాని కళేబరాన్ని పరీక్షకు పంపబట్టి తెలిసింది. 2018లో అల్జీరియాలో ఒంటెల్లో కొత్త ప్రయాన్ జబ్బు కనిపెట్టారు. కబేళాకు వచ్చే ఒంటెలు కొన్ని వింతగా ప్రవర్తిస్తున్నాయని అక్కడివాళ్లు అప్పటికే గమనిస్తూ ఉన్నారు. మన సంగతే చూసినా, హిమాలయ పాదాల దగ్గర గొర్రెల్లో స్క్రేపీ ఉందని 1961లోనే పత్రం అచ్చయింది. వెతకని చోట ఏ జబ్బూ దొరకదు. ఇదంతా చెప్పాక రేంజర్ గారు టీ తెప్పించారు. ఒప్పుకున్నట్టే లెక్క.

టీమ్‌లో చేరిన వాచర్లకు ప్రయాన్ అంటే ఏమిటో చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. జింక మెదడులో, మన మెదడులో కూడా మామూలుగా ఉండే ఒక ప్రొటీను తప్పుగా మడతపడుతుంది. ఆ తప్పు మడత పక్కనున్న మంచి ప్రొటీనుకు తగిలితే అదీ అలాగే మడతపడిపోతుంది. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్ 1982లో దీనికి ప్రయాన్ అని పేరు పెట్టినప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది. మా పనికి సంబంధించిన ముక్కేమిటంటే, శరీరం దీన్ని శత్రువుగా గుర్తుపట్టదు. జ్వరం రాదు, యాంటీబాడీలు పుట్టవు. అందుకని బతికున్న జింకకు రక్తం తీసి యాంటీబాడీ పరీక్ష చేసి తేల్చే దారి లేదు. లోపలికి చేరాక ఏడాదిన్నర, రెండేళ్లు జంతువు మామూలుగానే తిరుగుతుంది. ఆ తర్వాత చిక్కిపోతుంది, చొల్లు కారుస్తుంది, తల వేలాడేసి నిలబడుతుంది, చస్తుంది. బతికినవి లేవు.

కర్నూలు వైపు మిత్రుడొకాయన రోళ్లపాడు కృష్ణజింకలను కూడా కలుపుకోమన్నాడు. కలుపుకోలేదు. కృష్ణజింక కొమ్ములు రాలవు, అది వేరే కుటుంబం. ఈ జబ్బు సహజంగా బయటపడింది ఏటేటా కొమ్ములు రాల్చే కుటుంబంలోనే.

జనవరి

నెలంతా గొర్రె తలకాయలతో ప్రాక్టీసు.

కడపలో తలకాయ కొనడం తేలికే. మాకు కావలసినట్టు కోయించుకోవడమే కష్టం. మటన్ కొట్టులో తలను దవడకు ఆనించి కోస్తారు, దాంతో మాకు కావలసిన గ్రంథులు మెడ వైపు ఉండిపోతాయి. పైగా కూరకు వీలుగా నడినెత్తిన ఒక్క దెబ్బ వేసి మెదడును రెండు చేస్తారు. "గొంతు కొంచెం కిందికి కోసి, పుర్రె పగలకుండా, కాల్చకుండా ఇవ్వన్నా" అంటే, ఆయన కత్తి ఆపి, "కూరకా, పూజకా?" అన్నాడు. ప్రాజెక్టు అని చెప్పాం. పూజే అని నమ్మినట్టున్నాడు.

తలను తిరగేసి, దవడ పైకి వచ్చేలా పెట్టాలి. వెన్నుపాము బయటికొచ్చే పెద్ద రంధ్రం మన వైపు ఉంటుంది. పొరను కత్తిరించి, పొడుగు కాడ ఉన్న సన్నటి గరిటెను ఎముక గోడకు ఆనించి లోపలికి పంపాలి. ఎముకకు, మెదడు కాండానికి మధ్య గరిటె జారాలి కానీ మెదడులో దిగకూడదు. అటూ ఇటూ తిప్పితే పక్కల నరాలు తెగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు మెల్లగా లాగితే కాండం ముక్క బయటికొస్తుంది. దాని పై ముఖం మీద నాలుగో జఠరిక (మెదడులోని ఒక ఖాళీ గది) గాడి సన్నబడుతూ వచ్చి ఒక కోణంలో మూసుకుపోతుంది. ఆ కోణాన్నే ఓబెక్స్ అంటారు. పేగుల నుంచి వేగస్ నరం వెంట పైకెక్కే ప్రయాన్ మెదడులో మొదట గూడు కట్టేది ఇక్కడే. అరంగుళం అటో ఇటో ముక్క తీసి ల్యాబుకు పంపి, నెగటివ్ వచ్చిందని సంతోషపడితే ఆ సంతోషానికి విలువ లేదు.

లింఫు గ్రంథులు మరో తలనొప్పి. గొంతు ముడికి, దవడకు మధ్య అడ్డంగా కోసి, గొంతు గోడకు రెండు వైపులా వెతకాలి. చిక్కుడు గింజ ఆకారంలో, నున్నగా, విడిగా జారుతుంటే అది గ్రంథి. గరుకుగా, చిన్న చిన్న తమ్మెలుగా ఉంటే అది లాలాజల గ్రంథి, పారేయాలి. అనుమానం వస్తే మధ్యకు కోసి చూడాలి. లింఫు గ్రంథికి అంచు రంగు ఒకటి, నడిమి రంగు ఒకటి ఉంటుంది. దుప్పుల్లో చాలాసార్లు ప్రయాన్ మెదడు కన్నా ముందే ఈ గ్రంథుల్లో పట్టుబడుతుంది. ఎల్క్‌లో మాత్రం కొన్నిసార్లు మెదడులో ఉండి గ్రంథుల్లో లేకపోవడం ఉంది. మన కణితి ఏ దారి పడుతుందో ముందే చెప్పలేం కాబట్టి ప్రతి తల నుంచీ రెండూ తీస్తున్నాం.

ప్రతి ముక్కలో సగం ఫార్మలిన్‌లోకి, సగం ఫ్రీజర్లోకి. ఫార్మలిన్‌లో వేసినదాన్ని పలచగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఫ్రీజర్లో ఉన్నదానికి ఎలీసా చేస్తారు. ముక్కను నూరి ప్రొటీనేజ్-కె అనే ఎంజైమ్ పోస్తే మంచి ప్రొటీను కరిగిపోతుంది, తప్పుగా మడతపడింది మాత్రం మొండిగా మిగులుతుంది. ఆ మిగిలినదాన్నే పట్టుకునే పరీక్ష అది.

ఆ మొండితనమే మా గరిటెలకూ సమస్య. ఫార్మలిన్ ప్రయాన్‌ను చంపదు, ఇంకా గట్టిపరుస్తుంది. మామూలు ఉడకబెట్టడం, స్పిరిట్ తుడవడం దేనికీ పనికిరావు. బ్లేడు జంతువుకొకటి, వాడి పడేయడమే. గరిటెను మాత్రం కాస్టిక్ సోడా ద్రావణంలో, అంటే లీటరుకు 40 గ్రాములు, గంటసేపు నానబెట్టి, కడిగి, ఒత్తిడి ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల దగ్గర 18 నిమిషాలు ఉంచుతున్నాం. టబ్బు ప్లాస్టిక్‌దో స్టీలుదో అయి ఉండాలి. అల్యూమినియం గిన్నెలో పోస్తే సోడా దాన్ని తినేస్తుంది. నీళ్లలోకి సోడా కొంచెం కొంచెంగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. ఇది తెలిసినవాళ్లకు చాదస్తంలా అనిపించవచ్చు, మా టీమ్‌లో సగం మంది కెమిస్ట్రీ ముఖం చూసి చాలా ఏళ్లయింది.

టీమ్ మొత్తానికి రేబిస్ టీకా కూడా వేయించాం, సున్నా, ఏడు, ఇరవై ఒకటో రోజు లెక్కన. మన దేశంలో ఏ తల తెరిచినా మొదటి భయం ప్రయాన్ కాదు.

ఫిబ్రవరి

కత్తి పని వచ్చింది. తలలు ఎక్కడి నుంచి వస్తాయన్నదే ఇప్పుడు ప్రశ్న.

ఈ జబ్బు మీద రాసిన మాన్యువళ్లన్నీ అమెరికావో కెనడావో. అక్కడ సీజన్లో వేటగాళ్లు తాము కొట్టిన జింక తలను తామే తెచ్చి చెక్ స్టేషన్లో ఇస్తారు. ఒక్కో రాష్ట్రంలో ఏడాదికి వేలల్లో తలలు ల్యాబుకు చేరతాయి. మనకు వేట లేదు, ఉండకూడదు కూడా. కాబట్టి ఆ మాన్యువల్లో మొదటి అధ్యాయమే మనకు పనికిరాదు. మనకు దక్కేవి లారీ గుద్దినవి, కుక్కలు తరిమినవి, బావిలో పడ్డవి, జబ్బుతో పొలానికి వచ్చి కూలినవి.

అందుకని తిరగడం మొదలుపెట్టాం. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు, బద్వేలు రోడ్డు, ఒంటిమిట్ట దాటాక రాజంపేట వైపు. రాత్రిపూట రోడ్డు చూసేది లారీ డ్రైవర్లు, ఆర్టీసీ డ్రైవర్లు, తెల్లవారుజామున పాల వ్యాన్లవాళ్లు. గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగని బండి ఉండదు. ఫోన్ నంబరు రాసిన కాగితం అంటించడానికి కోవా కొట్ల కంటే మంచి చోటు జిల్లాలో లేదు. కాగితం మీద ఒక్కటే మాట రాశాం: చచ్చిన దుప్పి కనిపిస్తే ముట్టుకోకండి, ఫోన్ చేయండి. ప్రయాన్ గురించి ఒక్క ముక్క రాయలేదు. రాస్తే మరుసటి రోజుకల్లా "కడప జింకలకు పిచ్చి రోగం" అని వాట్సాప్‌లో తిరుగుతుంది.

లంకమల అంచున గొర్రెలు కాసే ఒక పెద్దాయన దగ్గర చాలాసేపు కూర్చున్నాం. "ఏంది నాయనా, సచ్చిన దుప్పి తలకాయతో నీకేం పని?" అన్నాడు. చెప్పాం. గొర్రెలు చెట్టుకు రుద్దుకోవడం, బొచ్చు ఊడటం, నడక తూలడం లాంటివి ఉన్నాయా అని మా వంతు ప్రశ్నలు అడిగాం. రుద్దుకునేవి ఉన్నాయన్నాడు. చూస్తే గజ్జి. మందు రాసిచ్చాం. లేచి వస్తుంటే అసలు మాట చెప్పాడు: "కనపడతాయి సామీ, కనపడకుండా ఎట్ల? చెప్తే మమ్మల్నే పట్టుకుంటారు. అందుకే సూసీ సూడనట్టు పోతాం."

ప్రాజెక్టు మొత్తం ఈ మాట దగ్గర ఇరుక్కుని ఉందనిపించింది. పొలానికి పందుల కోసం కరెంటు తీగ పెట్టిన రైతు, దానికి దుప్పి తగిలి చస్తే రాత్రికి రాత్రే గుంత తీసి పూడుస్తాడు. కుక్కలు కరిచిన దుప్పి పెరట్లో చచ్చినా ఇంటివాళ్లు నోరు మెదపరు. వాళ్లను తప్పుపట్టలేం. పరీక్ష ఎంత గొప్పదైనా, చెప్పినవాడు ఇరుక్కోడన్న నమ్మకం లేకపోతే తల ల్యాబుకు రాదు. రేంజర్ గారితో మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఫోన్ చేసిన మనిషి పేరు మా పుస్తకంలో ఉండదు, చోటు మాత్రమే ఉంటుంది. తీగ పెట్టిన కేసులు వేరు, అవి అటవీ శాఖ చూసుకుంటుంది, అందులో మేం దూరం.

ఎన్ని తలలు కావాలన్నది కూడా ఈ నెలే తేల్చుకున్నాం. గణాంకాల్లో ఒక మోటు లెక్క ఉంది. ఎన్ని పరీక్షించినా ఒక్కటీ పాజిటివ్ రాకపోతే, మూడును ఆ సంఖ్యతో భాగించాలి. 300 పరీక్షించి సున్నా వస్తే, జబ్బు ఉన్నా ఒక శాతం కంటే తక్కువే ఉండి ఉంటుందని 95 శాతం నమ్మకంతో అనొచ్చు. 30 పరీక్షించి సున్నా వస్తే పది శాతం దాకా ఉండే అవకాశాన్ని కొట్టెయ్యలేం. మాకు రోడ్డు మీద 300 ఎప్పటికి దొరకాలి? అందుకని ఎన్ని అన్నదాని కంటే ఏవి అన్నదాని మీద దృష్టి పెడుతున్నాం. ఏడాది నిండని దుప్పి పిల్లల తలకు విలువ దాదాపు లేదు, జబ్బు లోపలికి చేరి బయటపడేదాకా పట్టే కాలమే అంతకన్నా ఎక్కువ. పళ్లు అరిగిన ముసలి జంతువు, చిక్కి శల్యమైన జంతువు, కారణం లేకుండా బండికి అడ్డమొచ్చిన జంతువు, వీటిలో ఒక్కో తల ఆరోగ్యంగా ఉండి చచ్చిన పదింటి పెట్టు.

మార్చి

మొదటి మంచి తల. బద్వేలు రోడ్డులో తెల్లవారకముందు ఏదో బండి గుద్దిన పెద్ద మగ దుప్పి. ఫోన్ చేసింది పాల వ్యాన్ డ్రైవరు. పంచనామా అయ్యేసరికి ఎండ ఎక్కింది కానీ తల నీడలోనే ఉంది. ఓబెక్స్ చెక్కుచెదరకుండా వచ్చింది, రెండు గ్రంథులూ దొరికాయి. చెవి కొస ఒకటి ఆల్కహాల్లో వేశాం. ప్రయాన్ ప్రొటీనును రాసే జన్యువులో ఒక్క అక్షరం తేడాతో జబ్బు నిదానించడం అమెరికా జింకల్లో చూశారు. తెల్లతోక జింకలో 96వ స్థానం, ఎల్క్‌లో 132వ స్థానం. మన దుప్పి జన్యువు ఆ చోట్ల ఎలా ఉందో చదివి పెట్టుకుంటే ఎప్పటికైనా పనికొస్తుంది.

మరోసారి రాత్రి తిరిగొస్తుంటే చెక్‌పోస్టులో ఆపారు. ఎర్రచందనం దారి కదా, ఏ బండినీ వదలరు. థర్మాకోల్ పెట్టె తెరవమన్నారు. "తెరుస్తాం గానీ మీరే వద్దంటారు" అన్నాడు మా వాచర్ అన్న. తెరిచాం. ఐసు మధ్య కణితి తల, కళ్లు తెరుచుకుని. అనుమతి కాగితం చూపించేలోపే గేటు లేచింది. ఇప్పుడు ఆ చెక్‌పోస్టువాళ్లే మాకు మంచి ఇన్‌ఫార్మర్లు.

ఏప్రిల్

సిద్ధవటం వైపు ఒక తోట నుంచి ఫోన్. ఆడ దుప్పి, మనుషులంటే భయం లేకుండా అరటి చెట్ల మధ్య తిరుగుతోంది, నోట్లోంచి చొల్లు ధారగా కారుతోంది, వెనక కాళ్లు తూలుతున్నాయి. ఫోన్లో వీడియో చూసినప్పుడు గుండె ఝల్లుమంది. ఆ జబ్బు గురించి చదివినవన్నీ ఆ వీడియోలో ఉన్నాయి. దారంతా టెన్షన్.

దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కటి పొసగలేదు. జంతువు బలంగా ఉంది, పక్కటెముకలు కనపడటం లేదు. సీడబ్ల్యూడీలో ముందు నెలల తరబడి చిక్కిపోవడం ఉంటుంది. ఇది నిన్న మొన్నటిదాకా బాగా మేసిన ఒళ్లు. వెనక తొడ మీద మానుతున్న కాటు మచ్చ కనిపించింది. మర్నాటికి చచ్చిపోయింది. ఫేస్ షీల్డు, రెండు జతల గ్లౌజులు వేసుకుని మెదడు తీసి, ముందు రేబిస్ పరీక్షకు పంపాం. పాజిటివ్.

అంతకన్నా ముఖ్యమైన సంగతి తోట యజమానిది. మేం రాకముందు, పాపం దప్పికతో ఉందని దాని నోరు తెరిచి చేత్తో నీళ్లు పోశాడు. అరటి గెలలు కోసిన చేతులు, గీతలు ఎన్నో. "కరవలేదు గదా సార్, దుప్పికి కూడా ఇంజెక్షన్ ఏంది?" అని మొండికేశాడు. తెగిన చర్మానికి చొల్లు తగిలినా కాటు కిందే లెక్క అని, సబ్బుతో పావుగంట కడగాలని, టీకాతో పాటు సీరం కూడా పడాలని చెప్పి చెప్పి, చివరికి ఆయన కూతురికి ఫోన్ చేయించి, మా బండిలోనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. అన్ని డోసులూ పూర్తయ్యేదాకా మా టీమ్‌లో ఒకరు గుర్తుచేస్తూనే ఉన్నారు.

దీని తర్వాత మా ఫారంలో వరస మార్చాం. తూలుతూ, చొల్లు కారుస్తూ దొరికిన ప్రతి దుప్పికీ ముందు రేబిస్, తర్వాత పొట్టలో ప్లాస్టిక్, న్యుమోనియా, మెదడులో నీటి తిత్తులు. ఇవన్నీ కాదని తేలాకే ప్రయాన్ మాట. ఫ్రీజర్లో పెట్టిన సగం ముక్క మాత్రం ఏదైనా సరే ఉంచుతాం. ఒక జబ్బు ఉన్నంత మాత్రాన రెండోది ఉండకూడదని లేదు.

మే

44 డిగ్రీలు. మధ్యాహ్నం చచ్చిన దుప్పి సాయంత్రానికి ఉబ్బుతుంది, మర్నాటికి మెదడు జావ. గరిటె పెడితే కాండం రాదు, కారుతుంది. అలాంటప్పుడు గ్రంథులే దిక్కు, అవి కొంచెం ఎక్కువసేపు నిలుస్తాయి. ప్రయాన్ కుళ్లిపోదు కాబట్టి కుళ్లిన ముక్కలో పాజిటివ్ వస్తే దాన్ని నమ్మొచ్చు. నెగటివ్ వస్తే ఓబెక్స్ పరీక్షించామో లేదో తెలియదు కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోం. ఈ నెల వచ్చినవాటిలో ఎక్కువ ఈ కోవవే. ఫోన్ వచ్చిన వెంటనే, మేం బయల్దేరేలోపే, దగ్గర్లో ఉన్న వాచరు తడి గోనెసంచి కప్పి నీడ కల్పించే ఏర్పాటు చేశాం. ఐసు కంటే అది ఎక్కువ పనిచేస్తోంది.

అడవిలో సాసర్ పిట్ల దగ్గర కెమెరాలు పెట్టి చూశాం. వేసవిలో శాఖవాళ్లు ట్యాంకరుతో నింపే ఆ గుంతల దగ్గరికి రాత్రంతా దుప్పులు, కణితులు, పందులు ఒకదాని మూతి పక్కన ఒకటి పెట్టి తాగుతాయి. పక్కనే ఉప్పు దిబ్బ. మట్టిలో ఉప్పు కలిపి పోసినది. దాన్ని నాకి నాకి గుంత చేస్తాయి. సీడబ్ల్యూడీ చొల్లులో, మూత్రంలో, పేడలో బయటికొస్తుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌ రాష్ట్రంలో జబ్బున్న ప్రాంతంలోని ఉప్పు నాకే చోట్ల మట్టిలోనూ నీటిలోనూ ప్రయాన్ దొరికిందని 2018లో తేల్చారు.

మట్టి మాట వస్తే మనకు ప్రత్యేకంగా ఆలోచించాల్సింది ఉంది. ప్రయాన్ బంకమట్టికి, అందులోనూ మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజానికి గట్టిగా అతుక్కుంటుంది. అతుక్కున్నాక దాని అంటుకునే శక్తి తగ్గకపోగా, నోటి ద్వారా ఇచ్చి చూసిన ప్రయోగాల్లో కొన్ని వందల రెట్లు పెరిగింది. ఆ ఖనిజం ఎక్కువగా ఉండేది మన నల్లరేగడిలోనే. వేసవిలో అడుగు దిగేంత నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి మూసుకునే గుణం దానివల్లే. లంకమల లోపల ఎర్ర గరుసు, రాళ్లు. కానీ మైదుకూరు, ప్రొద్దుటూరు వైపు కేసీ కాలువ కింద అంతా నల్లరేగడే.

ఉప్పు దిబ్బల నుంచి, నీటి గుంతల నుంచి మట్టి తెచ్చి గాజు సీసాల్లో నీళ్లు పోసి కుదిపి వరుసగా పెట్టాం. గరుసు మట్టి చూస్తుండగానే అడుగుకు చేరి పైన నీళ్లు తేటపడ్డాయి. రేగడి కలిసిన సీసాలు రోజులు గడిచినా నల్లగానే ఉన్నాయి. వాటిలో ఒకటి గరుసు నేల మధ్యలో ఉన్న ఉప్పు దిబ్బది. అడిగితే, బాగా పట్టుకుంటుందని పనిగట్టుకుని ట్రాక్టరుతో రేగడి తోలించామన్నారు. ఇకపై దిబ్బకు స్థానిక గరుసే వాడమని, ఏటా ఒకే చోట వేయొద్దని రాసిచ్చాం. నీటి గుంతలు ఆపమని మాత్రం రాయలేదు. అమెరికాలో జబ్బున్న చాలా చోట్ల మేత పెట్టడం నిషేధించారు, బాగుంది. మే నెలలో కడప అడవిలో నీళ్లు ఆపమనడం వేరే సంగతి. ఒక పెద్ద గుంతకు బదులు దూరదూరంగా నాలుగు చిన్నవి పెడితే గుంపు చెదురుతుంది, అంతవరకే అడిగాం.

జూన్

శాఖవాళ్లతో కూర్చున్నాం. విషయం: నిజంగా ఒకటి పాజిటివ్ వస్తే ఏం చేయాలి?

ఇతర దేశాలు చేసినవి ముందు పెట్టాం. నార్వే నోర్డ్‌ఫ్యెల్లా ప్రాంతంలో రెయిన్‌డీర్ మంద మొత్తాన్ని, రెండు వేలకు పైగా, 2018 నాటికి ఏరేసింది. ఆ తర్వాత రెండేళ్లకే పక్కనున్న హార్డాంగర్‌విడ్డాలో మళ్లీ కనిపించింది. న్యూయార్క్ రాష్ట్రం 2005లో అడవి జింకల్లో రెండు కేసులు రాగానే చుట్టుపక్కల వెంటనే ఏరివేసి, పరీక్షలు పెంచింది. ఏళ్ల తరబడి అక్కడి అడవిలో మళ్లీ రాలేదు. విస్కాన్సిన్‌లో 2002లో దొరికింది. మొదట ఏరివేత, తర్వాత జనం వ్యతిరేకించి సడలించారు, జబ్బు పాకింది. పక్కనే ఇల్లినాయి కేసులున్న చోట్ల మాత్రమే ఏటా కొన్నింటిని తీస్తూ పోయి చాలాకాలం తక్కువలో నిలిపింది. వీటన్నిటిలో కనిపించేది ఒకటే, తొందరగా తెలిస్తేనే చేయడానికి ఏమైనా ఉంటుంది.

మన చట్టంలో 11వ సెక్షను కోలుకోలేని జబ్బున్న జంతువును చంపడానికి అనుమతివ్వగలదు. మందకు మంద తీయడం ఇక్కడ ఊహించలేం, ఊహించనక్కర్లేదు కూడా. చిరుతలు, రేచుకుక్కలు తినేది వీటినే. అమెరికాలోని కొలరాడోలో ప్యూమా అనే పెద్ద పిల్లులు జబ్బు జింకలనే ఎక్కువగా పడతాయని చూశారు. మన రేచుకుక్కలు ఆ పని ఇంకా బాగా చేస్తాయని నా నమ్మకం, నిరూపణ లేదు.

కళేబరం సంగతి మీదే ఎక్కువసేపు పట్టింది. ఇప్పుడు పోస్టుమార్టం అయ్యాక అడవిలోనే కట్టెలు పేర్చి కాలుస్తారు. మాంసం, కొమ్ము ఎవరి చేతికీ పోకుండా అది మంచి పద్ధతే. కానీ 600 డిగ్రీల దగ్గర బూడిద చేసిన కణజాలంలో కూడా కాస్త అంటుకునే శక్తి మిగిలినట్టు ప్రయోగాల్లో తేలింది. కట్టెల మంట మధ్యలో వేడి ఉన్నా అంచుల్లో ఉండదు. సున్నం చల్లి పూడ్చడం ప్రయాన్‌ను ఏమీ చేయదు. అనుమానం ఉన్న తలను, వెన్నుపామును విడిగా సీలు చేసి వెయ్యి డిగ్రీలు దాటే ఇన్‌సినరేటర్‌కు పంపాలని, మిగతాది అక్కడే కాల్చి బూడిదను లోతుగా పూడ్చాలని ఒప్పుకున్నాం. ఫోర్ట్ కాలిన్స్ సంగతి చెప్పాక ఇంక వాదన రాలేదు. ఈ జబ్బును మొదట 1967లో గమనించింది కొలరాడోలోని ఆ ఊరి పరిశోధన కేంద్రంలోనే, మెదడులో నురుగు లాంటి రంధ్రాలున్నాయని పశువైద్య పరిశోధకురాలు ఎలిజబెత్ విలియమ్స్ స్లైడులో చూసి ఇది స్క్రేపీ కోవకు చెందిన జబ్బని తేల్చింది 1978లో. 1985లో అక్కడి జింకలన్నిటినీ తీసేసి, నేల దున్ని, క్రిమిసంహారకం చల్లి, ఏడాది ఖాళీగా ఉంచి కొత్త ఎల్క్‌లను తెచ్చారు. వాటికీ వచ్చింది. ఐస్‌లాండులో స్క్రేపీ పదహారేళ్ల తర్వాత కూడా పాత కొట్టంలో నుంచి అంటుకున్న దాఖలా ఉంది.

చివర్లో ఒక గార్డు మెల్లగా అడిగాడు, తింటే మనిషికి వస్తుందా అని. ఎవరు తిన్నారని మేం అడగలేదు. ఇప్పటిదాకా సీడబ్ల్యూడీ మనిషికి వచ్చినట్టు ఎక్కడా రుజువు కాలేదు. అయినా పాజిటివ్ వచ్చిన మాంసం తినొద్దనే అమెరికాలో చెబుతున్నారు. ఎందుకంటే మ్యాడ్ కౌ కూడా మనిషికి రాదనే 1996 దాకా చెప్పారు.

జూలై

మొదటి విడత ఎలీసా ఫలితాలు వచ్చాయి. పాజిటివ్ ఏదీ లేదు. కొన్ని పరీక్షకు పనికిరావని తిరిగొచ్చాయి, అన్నీ మే నెలవి. మిగిలినవాటి సంఖ్యతో మూడును భాగించే లెక్క వేస్తే, రాసుకోవడానికి సిగ్గుపడేంత పెద్ద శాతం మిగులుతుంది. అందుకని పై ఆఫీసుకు పంపిన నోట్‌లో "జబ్బు లేదు" అన్న మాట వాడలేదు. "పరీక్షించినవాటిలో కనపడలేదు" అని రాశాం. అది చదివి ఒకాయన "మరి ఉందంటారా, లేదంటారా?" అని ఫోన్ చేశాడు. ఇంకా రెండేళ్లు తలలు రానివ్వండి సార్ అన్నాను.

వానలు మొదలయ్యాక ఫోన్లు తగ్గాయి, దుప్పులు నీళ్ల కోసం రోడ్డు దాటడం లేదు. ఈ ఖాళీలో రెండు పనులు పెట్టుకున్నాం. డీప్ ఫ్రీజర్‌కు ఇన్వర్టర్ కనెక్షన్, ఎందుకంటే గాలివాన వచ్చిన ప్రతి రాత్రీ కరెంటు పోతోంది. రెండోది రాయచోటి వైపు ఘాటు కింద ఊళ్లలో గొర్రెల కాపరులతో కూర్చోవడం. లంకమల పెద్దాయన తనంతట తాను ఒక కణితి గురించి కబురు చేశాడు, మూడు రోజుల నాటిది, తలలో ఏమీ మిగల్లేదు. పళ్లు మాత్రం చూశాం, బాగా అరిగిన ముసలిది. సరిగ్గా మాకు కావలసిన రకం. ఈసారి అదే రోజు చెప్పమన్నాం. "నా కాడ ఫోన్ యాడుంది సామీ" అన్నాడు. ఆయన మనవడి నంబరు రాసుకున్నాం.